గాలి సోకని పోత

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే కడలై మిఠాయి గుర్తుకు వస్తుంది. వేయించి పొట్టు తీసిన వేరుశెనగ పప్పును బెల్లపు పాకంలో కలిపి, పరచి, ముక్కలుగా కోసి దీనిని తయారుచేస్తారు. 2020లో ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పిల్లలు దీనిని పటపట కొరికి తింటారు. పళ్ళు ఊడిన తాతలు, అవ్వలు మాత్రం రోట్లో దంచి పొడి చేసుకొని తినవలసిందే.

ఒక పన్ను ఊడితే నష్టం ఆ ఒక్క పన్నుతో ఆగదు. పక్కనున్న పళ్ళు ఖాళీ వైపుకు ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను ఆనిక లేక సాగుతుంది. నమలడం ఒక వైపునకే పరిమితమవుతుంది. గట్టి పదార్థాలు మాని, మెత్తని అన్నంతో సరిపెట్టుకోవడం అలవాటవుతుంది. ముందు పళ్ళు పోతే మాట కూడా తడబడుతుంది. అందుకే పోయిన పన్నుకు బదులు మరొకటి అమర్చడం అందానికి మాత్రమే కాదు, ఆరోగ్యానికి కూడా అవసరం.

అలా అమర్చేవి ముఖ్యంగా మూడు విధాలు. అరిగిన లేదా పుచ్చిన పంటిని చెక్కి, దానిపై టోపీలా కప్పేది తొడుగు. అటూ ఇటూ ఉన్న పళ్ళను ఆధారం చేసుకొని నడిమి ఖాళీని పూరించేది వంతెన. రాత్రి తీసి ఉదయం పెట్టుకొనేది పాక్షిక పళ్ళసెట్టు. ఈ సెట్టు జారిపోకుండా దాని లోహపు కొక్కేలు మిగిలిన పళ్ళను పట్టుకొని ఉంటాయి. ఈ మూడింటికీ బలమైన లోహం ఉపయోగపడుతుంది.

ఆ లోహం ఎటువంటిదై ఉండాలి? నోరు లోహానికి కఠినమైన చోటు. అక్కడ ఎల్లప్పుడూ తడి ఉంటుంది. ఉప్పు, పులుపు, వేడి కాఫీ, చల్లని నీరు ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. నమిలేటప్పుడు కలిగే ఒత్తిడి సరేసరి. వీటన్నిటికీ తట్టుకోవాలి. తుప్పు పట్టరాదు. శరీరానికి హాని చేయరాదు. బంగారం ఇందుకు తగినదే కాని, దాని ధర సామాన్యునికి అందదు. నికెల్, క్రోమియం కలిపిన మిశ్రమలోహాలు చవక. అయితే నికెల్ కొందరికి పడదు. అది తగిలితే వారికి దురద, వాపు వస్తాయి. ఈ చిక్కులకు విరుగుడుగా దంతవైద్యులు టైటానియం వైపు చూశారు.

ఇసుకలో పుట్టిన లోహం

టైటానియం కథ ఇసుకలో మొదలయింది. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతగురువు, వాగులోని నల్లని ఇసుకను పరీక్షించి, అందులో అంతవరకు తెలియని లోహం ఉన్నదని గుర్తించాడు. 1795లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ దానికి టైటానియం అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణాలలో టైటాన్లు భూదేవి సంతానం, మహాబలశాలులు.

అటువంటి నల్లని ఇసుక తమిళనాడు దక్షిణ తీరంలో విస్తారంగా ఉంది. కన్యాకుమారి జిల్లాలోని మణవాళకురిచ్చి సముద్రతీరపు ఇసుక నుండి ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ మొదలైన ఖనిజాలను వేరుచేస్తారు. ఇల్మనైట్‌లో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసి ఉంటాయి. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే, సాహుపురంలో, ఇల్మనైట్ నుండి ఇనుమును తొలగించి టైటానియం పాలు ఎక్కువగా ఉన్న ముడిసరుకును తయారుచేసే కర్మాగారం ఉంది. ప్రపంచంలో టైటానియం ఖనిజంలో చాలా భాగం తెల్లరంగు తయారీకే పోతుంది. గోడకు వేసే తెల్లని పెయింటులో ఉండేది టైటానియం ఆక్సైడే.

రంగు చేయడం సులభం. లోహాన్ని విడదీయడం కష్టం. ఆక్సిజన్ దానిని అంత గట్టిగా పట్టుకొని ఉంటుంది. గ్రెగర్ కనుగొన్న తరువాత నూరేళ్ళకు పైగా గడిచిన పిదప, 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ శుద్ధమైన టైటానియాన్ని తీయగలిగాడు. తరువాత లక్సెంబర్గ్ దేశీయుడైన విలియం క్రోల్ సులువైన పద్ధతి కనిపెట్టాడు. ఖనిజాన్ని క్లోరిన్‌తో చర్య జరిపి ద్రవంగా మార్చి, ఆ తరువాత మెగ్నీషియంతో క్లోరిన్‌ను తొలగిస్తారు. చివరకు మిగిలే లోహం స్పాంజివలె బొరియలతో ఉంటుంది. అందుకే దానికి టైటానియం స్పాంజి అని పేరు.

ఈ విద్యను మన దేశంలో సాధించినవారు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు. వారి పద్ధతి ఆధారంగా కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పాంజి తయారుచేయగల కర్మాగారం 2011లో ప్రారంభమయింది. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ టైటానియాన్ని కరిగించి కడ్డీలు, రేకులు తయారుచేస్తుంది. తమిళనాడు తీరపు ఇసుకకు, హైదరాబాదు కొలిమికి ఈ విధంగా ఒక చుట్టరికం ఉంది.

ఒకే గుణం, రెండు ఫలితాలు

టైటానియం గుణాలలో మొదట తెలుసుకోవలసినది దానికి ఆక్సిజన్ పట్ల గల ఆకర్షణ. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతాల పిల్లలకు ఆక్సిజన్ చేసే పని కొత్త కాదు. అగ్గిపుల్ల తలలోని పొటాషియం క్లోరేట్ ఆక్సిజన్‌ను ఇస్తుంది. గంధకం వంటి పదార్థాలు దానితో కలిసి భగ్గుమంటాయి. బాణసంచాలో తెల్లని మెరుపుల కోసం అల్యూమినియం, టైటానియం వంటి లోహాల పొడిని వాడతారు. మండే ఆ పొడి కూడా ఆక్సిజన్‌తో కలిసే మెరుస్తుంది.

మరి అటువంటి లోహాన్ని నోటిలో పెట్టవచ్చునా? ఇక్కడే ఒక విశేషం ఉన్నది. మామూలు వేడిమిలో టైటానియం గాలికి తగిలిన మరుక్షణమే దానిపై ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకంటె తక్కువ. ఇనుము మీది తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. లోపలి ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది. టైటానియం పొర అలా రాలదు. లోహాన్ని అంటిపెట్టుకొని, ఆక్సిజన్‌ను ఇక లోపలికి రానివ్వదు. గీత పడితే ఆ గీతపై వెంటనే కొత్త పొర కడుతుంది. నోటిలోని తడికి, చిగురుకు తగిలేది నిజానికి లోహం కాదు, ఈ పొరే.

ఈ పొర మేలు వైద్యలోకానికి బాగా తెలియజేసినవాడు స్వీడన్ దేశానికి చెందిన బ్రానెమార్క్. 1950 ప్రాంతాలలో ఆయన కుందేలు ఎముకలో రక్తప్రసారాన్ని పరిశీలించడానికి చిన్న టైటానియం గొట్టాన్ని అమర్చాడు. పరిశీలన ముగిశాక తీయబోతే అది రాలేదు. ఎముక దానిని తనలో ఒక భాగంగా చేసుకొన్నది. దాని ఆధారంగా 1965లో ఆయన మొదటిసారిగా ఒక మనిషి దవడలో టైటానియం మరలను నాటి, వాటిపై పళ్ళు నిలిపాడు. ఈ మరలను కడ్డీ నుండి యంత్రంపై చెక్కి తయారుచేస్తారు, పోత పోయరు. కాని తొడుగు, వంతెన, చట్రం ఆకారాలు ఒక్కొక్క నోటికి ఒక్కొక్క రకంగా ఉంటాయి. అందువల్ల వాటిని పోత పోయడమే చాలాకాలం దారి అయింది.

పోత అనగానే అదే గుణం శత్రువవుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ పలుచని పొర కాపలా కాయలేదు. ఆక్సిజన్ లోహంలోకి చొచ్చుకొనిపోయి దానిని పెళుసుగా మారుస్తుంది. ఆక్సిజన్ ఎంత కొద్దిగా ఉన్నా దాని ప్రభావం ఎంతో. వ్యాపారంలో శుద్ధ టైటానియాన్ని నాలుగు తరగతులుగా విభజిస్తారు. మొదటి తరగతిలో ఆక్సిజన్ 0.18 శాతానికి మించరాదు. నాల్గవ తరగతిలో 0.40 శాతం వరకు ఉండవచ్చు. ఆ చిన్న తేడాతోనే లోహపు బలం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. వంగే గుణం తగ్గుతుంది. ఇంకా ఎక్కువయితే లోహం వంగదు, విరుగుతుంది. కనుక టైటానియం పోతలో అడుగడుగునా చేసే పని ఒక్కటే: వేడిగా ఉన్నంతసేపు లోహానికి గాలి సోకకుండా కాపాడడం.

మైనం పోయి లోహం వచ్చె

పోత విద్య మనకు పాతదే. చోళుల కాలపు కంచు విగ్రహాలను మైనపు పద్ధతిలోనే పోశారు. తంజావూరు ప్రాంతంలోని స్వామిమలై స్థపతులు నేటికీ అదే పద్ధతిలో విగ్రహాలు చేస్తున్నారు. మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో లోహం పోస్తారు. 1907లో అమెరికాకు చెందిన టాగర్ట్ ఈ పద్ధతిని పంటి పనికి వాడి, బంగారాన్ని పంటి గుంతకు సరిపడేలా పోసే విధానాన్ని వెల్లడించాడు.

దంతవైద్యుడు మొదట రోగి పళ్ళ ముద్ర తీస్తాడు. ఆ ముద్రలో ప్రత్యేకమైన జిప్సం పిండిని కలిపి పోసి, పళ్ళ నమూనా తయారుచేస్తారు. నమూనా డెంటల్ ల్యాబుకు చేరుతుంది. అక్కడ సాంకేతిక నిపుణుడు దానిమీద మైనంతో తొడుగును మలుస్తాడు. ఎదుటి పంటికి ఆనే గుంతలు, గట్లు మైనంలోనే దిద్దుతాడు. లోహం ప్రవహించడానికి దారిగా మైనపు కాడలను అతుకుతాడు.

తరువాత ఈ మైనాన్ని అచ్చుపిండిలో పొదగాలి. బంగారానికి, ఇతర లోహాలకు వాడే అచ్చుపిండిలో సిలికా, అంటే శుద్ధమైన ఇసుక ఉంటుంది. సిలికాలో సిలికాన్, ఆక్సిజన్ కలిసి ఉంటాయి. కరిగిన టైటానియం ఆ ఆక్సిజన్‌ను కూడా లాగుకొంటుంది. అంటే గాలిని తప్పించినా, అచ్చే శత్రువవుతుంది. అందువల్ల ఆక్సిజన్‌ను అంత సులువుగా వదలని మెగ్నీషియా, అల్యూమినా, జిర్కోనియా వంటి పదార్థాలు ప్రధానంగా ఉండే అచ్చుపిండిని ఎంచుకొంటారు. మైనం కాలిపోయేదాకా అచ్చును కాల్చి, ఆ తరువాత బాగా చల్లారుస్తారు. బంగారాన్ని వేడిగా ఉన్న అచ్చులో పోస్తారు. టైటానియానికి మాత్రం అచ్చు ఎంత చల్లగా ఉంటే చర్య అంత తక్కువ.

మరొక లెక్క కూడా ఉన్నది. కరిగిన లోహం గట్టిపడి చల్లారినప్పుడు 2 శాతానికి దగ్గరగా కుంచించుకొంటుంది. దానిని లెక్కలోకి తీసుకోకపోతే తొడుగు బిగుతై పంటిమీద కూర్చోదు. అందుకే అచ్చుపిండి గట్టిపడేటప్పుడు, కాలేటప్పుడు సరిగ్గా ఆ మేరకు వ్యాకోచించేలా దానిని తయారుచేస్తారు. పిండిలో నీటి పాలు మారినా కొలత మారుతుంది. కనుక పిండిని, నీటిని తూచి, కొలిచి కలుపుతారు. కంటి అంచనాతో కలపరు.

ఆర్గాన్ గదిలో

బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కంసాలి దానిని మూసలో వేసి, మంట ఊది కరిగిస్తాడు. టైటానియం కరగడానికి 1668 డిగ్రీలు కావాలి. పైగా అది గాలిలో కరగరాదు. మామూలు మూసతోనూ కలిసిపోతుంది. దీనికోసం 1980 ప్రాంతాలలో జపానులోను, ఇతర దేశాలలోను ప్రత్యేకమైన పోత యంత్రాలు వాడుకలోకి వచ్చాయి.

యంత్రంలోని గది నుండి ముందుగా గాలిని తోడివేస్తారు. ఆ స్థానంలో ఆర్గాన్ వాయువును నింపుతారు. ఆర్గాన్ దేనితోనూ కలవని జడవాయువు. గదిలోని రాగి పళ్ళెంపై టైటానియం బిళ్ళ ఉంటుంది. టంగ్‌స్టన్ కడ్డీ నుండి ఆ బిళ్ళకు విద్యుత్ చాపం దూకుతుంది. కొద్ది సేపటికే బిళ్ళ కరిగి ముద్దవుతుంది. రాగి కరిగేది 1085 డిగ్రీల వద్దనే అయినా, రాగి వేడిని త్వరగా లాగివేస్తుంది కనుక పళ్ళెం కరగదు. దానిని తాకిన లోహం మాత్రం చల్లబడి పలుచని పెంకు కడుతుంది. ఆ పెంకే కరిగిన టైటానియానికి మూసగా పనిచేస్తుంది.

తరువాత లోహం అచ్చులోకి దూకాలి. టైటానియం తేలికైన లోహం. ఒక ఘనపు సెంటీమీటరు బంగారం బరువు 19.3 గ్రాములుంటే, అంతే టైటానియం 4.5 గ్రాములే ఉంటుంది. నోటిలో ఇది సుఖం. పోతలో ఇది కష్టం. తన బరువుతో తాను సన్నని సందులలోకి దిగలేదు. పైగా చల్లని అచ్చు తగలగానే గడ్డకడుతుంది. అందుకని కొన్ని యంత్రాలు అచ్చును వేగంగా తిప్పి, అపకేంద్ర బలంతో లోహాన్ని నెడతాయి. మరికొన్ని పైనుండి ఆర్గాన్ ఒత్తిడిని, కిందనుండి శూన్యాన్ని కలిగించి లోహాన్ని లాగుతాయి. ఈ పని క్షణాలలో ముగుస్తుంది.

అచ్చు పగలగొట్టి తీసిన పోత పైకి బాగానే కనిపించవచ్చు. లోపల ఆర్గాన్ బుడగలు చిక్కుకొని బొరియలు ఉండవచ్చు. బొరియ ఉన్నచోట తొడుగు లేదా కొక్కెం విరుగుతుంది. ఇక్కడ టైటానియం తేలికదనమే మేలు చేస్తుంది. ఎక్స్-కిరణాలు దానిగుండా కొంతవరకు దూసుకొనిపోతాయి. కనుక పంటికి తీసినట్లే పోతకు కూడా ఎక్స్-కిరణాల చిత్రం తీసి, లోపం ఉంటే ముందే పారవేయవచ్చు. లోపమున్న పోతను మెరుగుపెట్టి దాచడం, దానిని పెట్టుకొనేవారిని మోసగించడమే అవుతుంది.

పైతోలు తీయడం

ఎంత జాగ్రత్త పడినా అచ్చును తాకిన మేర లోహం కొంత ఆక్సిజన్‌ను గ్రహిస్తుంది. దానితో పోతమీద గట్టి పైతోలు ఏర్పడుతుంది. దీనిని ఆల్ఫా పొర అంటారు. సాధారణంగా దీని మందం 0.05 నుండి 0.2 మిల్లీమీటరు వరకు ఉంటుంది. లోపలి లోహం సాగుతుంది, వంగుతుంది. ఈ తోలు మాత్రం గాజువలె పెళుసు.

పళ్ళసెట్టు కొక్కేన్ని తలచుకోండి. సెట్టు పెట్టినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి అది కొద్దిగా విచ్చుకొని మళ్ళీ ముడుచుకొంటుంది. రోజుకు రెండు మూడు సార్లు అనుకొన్నా, ఏడాదికి వెయ్యి సార్లవుతుంది. ఆల్ఫా పొరను తీయకుండా వదిలితే ముందు ఆ తోలులో సన్నని పగులు పుడుతుంది. పగులు క్రమంగా లోపలికి పాకుతుంది. ఒకనాడు భోజనం మధ్యలో కొక్కెం విరుగుతుంది. విరిగిన ముక్కను మింగే ప్రమాదం కూడా లేకపోలేదు. కాబట్టి ఈ పొరను తొలగించడం మెరుపు కోసం కాదు, భద్రత కోసం.

ముందుగా అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో పోతపై చిమ్ముతారు. తరువాత నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో కొంతసేపు ఉంచుతారు. పొర పోయేటప్పుడు కొంత మందం తగ్గుతుంది. తొడుగు అంచు మందం 0.3 మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది కనుక, ఈ తరుగును లెక్కించి మైనాన్ని ముందే కాస్త మందంగా మలచాలి. చివరి మెట్టును తలచుకొని మొదటి మెట్టు వేయడమంటే ఇదే.

మెరుగు పెట్టడంలో నిదానం

ఇక మిగిలింది సానబెట్టి మెరుగుపెట్టడం. ఇందులో తొందరపాటు పనికిరాదు. టైటానియం వేడిని త్వరగా ప్రసరింపజేయదు. బంగారంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత పదో వంతు కూడా ఉండదు. గట్టిగా అదిమి, వేగంగా రాస్తే పుట్టిన వేడి అక్కడే నిలుస్తుంది. లోహం మెత్తబడి పనిముట్టు పళ్ళకు అంటుకొంటుంది. నిప్పురవ్వలు లేస్తాయి. వేడెక్కినచోట మళ్ళీ ఆక్సిజన్ చొరబడి, తీసివేసిన పెళుసుతోలు తిరిగి ఏర్పడుతుంది.

అందువల్ల పదునైన కార్బైడ్ పనిముట్లను వాడి, నిమిషానికి 15,000 చుట్లకు మించని వేగంతో, తేలికగా ఒకే దిశలో చెక్కుతారు. ఇతర లోహాలకు వాడిన పనిముట్లను దీనికి వాడరు. వాటికి అంటిన లోహపు రజను దీనిలో చిక్కుకొంటుంది. గరుకు రాయి నుండి నునుపు రాయికి, రబ్బరు చక్రానికి, చివరకు మెరుగు ముద్దకు వరుసగా వస్తారు. నునుపు ఎంత బాగుంటే పాచి అంత తక్కువగా పడుతుంది. మెరుగుపెట్టాక పోతను కొన్ని నిమిషాలు గాలిలో ఊరకే ఉంచుతారు. ఆ విరామంలో రక్షణ పొర తిరిగి చక్కగా కడుతుంది. వేడిలో శత్రువైన గాలి, చల్లారిన తరువాత మళ్ళీ మిత్రుడవుతుంది.

ముందు పళ్ళకు లోహపు రంగు బాగుండదు. దానిపై పంటి రంగు పింగాణీని పరచి కాలుస్తారు. మామూలు పింగాణీ కాలడానికి కావలసిన వేడిని టైటానియం భరించలేదు. అది 882 డిగ్రీలు దాటితే లోహంలోని అణువుల అమరికే మారిపోతుంది. పైగా వేడికి టైటానియం తక్కువగా వ్యాకోచిస్తుంది. పింగాణీ అంతకంటె ఎక్కువగా వ్యాకోచించి, చల్లారేటప్పుడు ఎక్కువగా కుంచించుకొంటే పగులుతుంది. అందుకే 800 డిగ్రీల లోపలే కాలే, టైటానియంతో సమానంగా పెరిగి తరిగే ప్రత్యేకమైన పింగాణీని తయారుచేశారు. ఇద్దరి నడక కలిస్తేనే స్నేహం నిలుస్తుంది.

పనివారి రక్షణ

నోటికి హాని చేయని లోహం, పనివాని ఊపిరితిత్తులకు హాని చేయరాదు కదా! పూర్వం కొన్ని నికెల్ మిశ్రమలోహాలలో బెరిలియం కలిపేవారు. దాని ధూళి పీల్చిన పనివారికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. టైటానియంలో ఆ విషం లేదు. అయినా రాతిచక్రం నుండి, అచ్చుపిండి నుండి లేచే ధూళి మంచిది కాదు. ముక్కుకు తొడుగు, కళ్ళకు అద్దాలు, ధూళిని లాగే యంత్రం తప్పనిసరి.

టైటానియం ధూళికి నిప్పు భయం కూడా ఉన్నది. దిమ్మగా ఉన్న లోహం వేరు, పొడిగా ఉన్న లోహం వేరు. ఈ భేదం శివకాశి ప్రాంతంలో చెప్పనక్కరలేదు. రవ్వ పడి పొడి అంటుకొంటే నీళ్ళు పోయరాదు. వేడి టైటానియం నీటిలోని ఆక్సిజన్‌ను కూడా లాగి, మండే హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. పొడి ఇసుకతో కప్పాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇంకా ప్రమాదకరం. అది చర్మం కింద ఎముకదాకా దిగుతుంది. నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. చేతికి తొడుగులు, పక్కనే కాల్షియం గ్లూకోనేట్ మందు లేకుండా ఆ సీసా మూత తీయరాదు.

ఈ ఆమ్లానికి, పంటి సంరక్షణకు ఒక సంబంధం ఉంది. ఫ్లోరైడ్, పులుపు కలిస్తే టైటానియం పొర దెబ్బతింటుంది. అందుకని టైటానియం పళ్ళున్నవారికి ఆమ్లగుణం గల ఫ్లోరైడ్ మందును దంతవైద్యులు పూయరు. ఆమ్లం లేనిది ఎంచుకొంటారు.

నేటి మార్గాలు

నేడు టైటానియం పోత వాడకం తగ్గింది. కంప్యూటరుపై తొడుగు ఆకారాన్ని గీసి, టైటానియం దిమ్మనుండి యంత్రంతో చెక్కించే పద్ధతి వ్యాపించింది. లోహాన్ని కరిగించరు కనుక ఆల్ఫా పొర బాధ లేదు. ఆర్గాన్ నిండిన గదిలో లోహపు పొడిని లేజరు కిరణంతో పొరపొరగా అతికే పద్ధతి కూడా వచ్చింది. తొడుగులకు జిర్కోనియా అనే తెల్లని పింగాణీ వాడకం బాగా పెరిగింది. పద్ధతి మారినా టైటానియం స్వభావం మారలేదు. లేజరు గదిలోనూ ఆర్గానే కావాలి. యంత్రం చెక్కిన తొడుగునూ చివరకు చేతితో, నిదానంగా మెరుగుపెట్టవలసిందే.

పళ్ళు పెట్టించుకొన్న మనిషికి దంతవైద్యుని ముఖం తెలుసు. ల్యాబులో కూర్చుని ఆ పన్నును మలచిన నిపుణుని ముఖం తెలియదు. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టమే ఈ పనిని ప్రత్యేకమైన వృత్తిగా గుర్తించింది. రసాయన శాస్త్రం, కంసాలి చేతినేర్పు, శిల్పి కన్ను ఇందులో కలిసి ఉంటాయి. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల వారు నిప్పుతో పనిచేయడంలో ఓర్పు, జాగ్రత్త ఎంత అవసరమో ఎరిగినవారు. ఇక్కడి విద్యార్థులకు ఇది తగిన వృత్తే. లోహం గుణాన్ని తెలుసుకొని, దానిని ఎక్కడ అడ్డగించాలో, ఎక్కడ తన దారిన విడిచిపెట్టాలో గ్రహించినవాని చేతిలో పన్ను తయారవుతుంది. ఒక అవ్వ అన్నం నమిలి తినగలగడం ఆ శ్రద్ధమీదనే ఆధారపడి ఉంటుంది.

అభ్యాసం

పదాలు – అర్థాలు

మూస = లోహాన్ని కరిగించే పాత్ర
జడవాయువు = ఇతర పదార్థాలతో సులభంగా కలవని వాయువు
పెళుసు = వంగక విరిగే గుణం
తరుగు = తగ్గిన భాగం
ఆనిక = ఆధారం

ప్రశ్నలు

1. ఒక పన్ను ఊడితే మిగిలిన పళ్ళకు కలిగే నష్టాలేవి?
2. ఇనుము తుప్పుకు, టైటానియం ఆక్సైడ్ పొరకు గల భేదమేమి?
3. టైటానియం పోతకు సిలికా అచ్చుపిండి ఎందుకు తగదు?
4. కొక్కెంపై ఆల్ఫా పొర మిగిలితే ఏమి జరుగుతుంది?
5. “వేడిలో శత్రువైన గాలి, చల్లారిన తరువాత మళ్ళీ మిత్రుడవుతుంది.” ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

చేయవలసిన పని

మీ ఊరిలోని కంసాలి బంగారాన్ని కరిగించి పోసే విధానాన్ని అడిగి తెలుసుకోండి. టైటానియం పోతకు, దానికి గల పోలికలను, భేదాలను పది వాక్యాలలో రాయండి.